నాన్న చెవిలో నెత్తురు, మళ్లీ చుక్కల మందేనా?

ప్రశ్న: మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు. నాన్నకు 61 ఏళ్లు, కొబ్బరి దింపు పని చేసేవారు. కుడి చెవి ఇరవై ఏళ్లుగా కారుతూ, తగ్గుతూ ఉంది. మూడు నెలలుగా చీములో నెత్తురు పడుతోంది, రాత్రిళ్లు నొప్పితో నిద్ర లేదు. చుక్కల మందు మూడుసార్లు మార్చారు. లోపల కండ పెరిగిందన్నారు. కేన్సరయితే చెవి కోసేస్తారనీ, మూతి వంకరపోతుందనీ ఊళ్లో అంటుంటే టెన్షన్‌గా ఉంది.
- పేరు వద్దన్న ఒక కూతురు

జవాబు: అమ్మా, నాలుగోసారి మందు మార్చడం కాదు, ఆ కండలోంచి ముక్క తీయించి పరీక్షకు పంపించండి. ఈ వారంలోనే.

ముప్పై ఏళ్లుగా ఈ కాలువల మధ్యే చెవులు చూస్తున్నాను. చెవి కారడాన్ని ఇక్కడ జబ్బు కింద ఎవరూ లెక్కేయరు. చెవి గొట్టంలో కేన్సర్ చాలా అరుదు, ఏడాదికి పది లక్షల మందిలో 1 నుంచి 6 మందికి వస్తుందేమో. పైకి మాత్రం పాత చీము చెవిలాగే కనిపిస్తుంది. నెత్తురు, మందుకు లొంగని నొప్పి, మూతి పక్కకు లాగడం, వీటిలో ఏది కొత్తగా మొదలైనా ఊరుకోకూడదు.

నాన్నగారికి షుగర్ ఉందో లేదో రాయలేదు. షుగర్ ఉన్నవాళ్లకు ఇన్ఫెక్షన్ ఎముకలోకి దిగినా ఇదే నొప్పి, ఇదే కండ. వైద్యం మాత్రం పూర్తిగా వేరు. తేల్చేది ముక్క పరీక్షే. మొదటిసారి కేన్సర్ లేదని వచ్చినా బాధ తగ్గకపోతే, ఇంకా లోతుగా మళ్లీ తీయమని అడగండి. ఒక పెద్దాయన విషయంలో మొదటి రిపోర్టు నమ్మి ఆరు వారాలు ఆగాను. రెండో ముక్కలో బయటపడింది. ఆ ఆరు వారాలు నన్ను ఇప్పటికీ బాధపెడతాయి.

ఇక ఆపరేషన్. జబ్బు డొప్పకు పాకకపోతే డొప్ప ఉంటుంది. చెవి గొట్టం, కర్ణభేరి, దాని వెనక రెండు చిన్న ఎముకలు ఒకే ముద్దగా, జబ్బు చిట్లకుండా తీస్తారు. మూతిని కదిలించే నరం ఆ ముద్దకు లోపలి పక్కనే ఉంటుంది. జబ్బు దాన్ని తాకకపోతే కాపాడతారు, తాకితే తీయక తప్పదు. అందుకే ఎముక కోసం సీటీ, నరం, మెదడు పొరల కోసం ఎమ్మారై ముందే చేస్తారు. చాలామందికి చెవి ముందరి లాలాజల గ్రంథి కూడా తీసి, తర్వాత రేడియేషన్ ఇస్తారు. ఆ చెవికి వినికిడి బాగా తగ్గుతుంది. కానీ లోపలి చెవి మిగులుతుంది కాబట్టి ఎముక ద్వారా వినిపించే మిషన్ పెట్టొచ్చు.

ముక్క పరీక్షకు కాకినాడ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి వెళ్లండి. కేన్సరని తేలితే విశాఖ అగనంపూడిలోని హోమీ భాభా కేన్సర్ ఆసుపత్రిలో అడగండి. అప్పటిదాకా కోడి ఈక, చీపురు పుల్ల, కాచిన కొబ్బరి నూనె చెవి దగ్గరకు రానివ్వకండి. వాడిన మందుల సీసాలూ, పాత చీటీలూ అన్నీ సంచిలో వేసుకెళ్లండి.