లీకు అలర్టును ఆపకండి, లీకును ఆపండి

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో ఒక గేటెడ్ కమ్యూనిటీ. సెల్లార్‌లో ఉన్న స్విమ్మింగ్ పూల్ పంపు దగ్గర పైపు జాయింటు నుంచి నీళ్లు చుక్కలుగా కారుతున్నాయి. ఎపాక్సీ ముద్ద పెట్టించాం, కొద్దిరోజులకే మళ్లీ మొదలైంది. పంపు కంట్రోలర్‌ను అప్‌డేట్ చేసినప్పటి నుంచి రాత్రంతా ఫోనుకు లీకు అలర్టులు వస్తున్నాయి. వాటిని ఆపడానికి ఏ సెట్టింగ్ మార్చాలి? జాయింటుకు ఇంకా గట్టిగా పట్టే ముద్ద ఏదైనా ఉందా?
– సంఘం కార్యదర్శి

జవాబు: వేసవి వస్తే చాలు, ఈ ఉత్తరమే రకరకాల ఊళ్ల నుంచి వస్తుంది. అలర్టు ఎలా ఆపాలన్నది మొదటి ప్రశ్న, లీకు ఎలా ఆపాలన్నది రెండోది. నేను రెండోదానితోనే మొదలుపెడతాను.

చుక్కలు ఎప్పుడు పడుతున్నాయో ముందు గమనించండి. పంపు నడిచేటప్పుడే పడుతుంటే లోపం పంపు నుంచి ఫిల్టర్‌కు వెళ్లే వైపు ఉంది. ఆగినప్పుడే పడుతుంటే పూల్ నుంచి నీరు లాగే వైపు చూడాలి. మీ పంపు నీటిమట్టం కంటే కింద ఉంది కాబట్టి, ఆగి ఉన్నప్పుడు ఆ పైపులో నీరు ఒత్తిడితో నిలిచి బయటికి కారుతుంది. పంపు నడుస్తుంటే అదే సందులోంచి గాలి లోపలికి పోతుంది. పంపు ముందు చెత్త పట్టే స్ట్రెయినర్ పారదర్శక మూత కింద బుడగలు తిరుగుతున్నా, పూల్‌లోకి నీరు వచ్చే రంధ్రాల దగ్గర బుడగలు లేస్తున్నా కారణం అదే. ఇక మోటారుకు, పంపుకు మధ్య కారుతుంటే పైపుకు సంబంధం లేదు, నీరు మోటారు వైపు రాకుండా ఆపే మెకానికల్ సీల్ అరిగింది. దాన్ని వాయిదా వేస్తే నీరు మోటారు బేరింగుల్లోకి చేరుతుంది.

ఎపాక్సీ ముద్ద ఎందుకు నిలవలేదని అడగనక్కర్లేదు. తడిసిన ప్లాస్టిక్ మీద, లోపలి నుంచి నీరు తోస్తున్న చోట, మోటారు అదురు తగిలే జాయింటు మీద పైపూత ఎన్నాళ్లు ఉంటుంది? మరలున్న జాయింటు అయితే అసలు కారణం వేడి కావచ్చు. పంపు నీరు లేకుండా తిరిగితే లోపల మిగిలిన కాస్త నీరు కాగిపోతుంది, పీవీసీ మరలు మెత్తబడి కుంచించుకుపోతాయి. తర్వాత ఎంత బిగించినా ప్రయోజనం లేదు, పైగా పంపు నోరు పగిలే ప్రమాదం ఉంది. ఆ ముక్కను కోసి తీసేయించి, కొత్త అడాప్టర్‌కు టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాలి. పైపు ముక్కలను శుభ్రంగా తుడిచి, ఆరబెట్టి పీవీసీ సొల్యూషన్‌తో అతికించాలి. డబ్బా మీద రాసిన ఆరుదల సమయం పూర్తయ్యేదాకా, వీలైతే ఒక రోజంతా, పంపు వేయకూడదు. విప్పి మళ్లీ బిగించగల యూనియన్ జాయింటు అయితే పని ఇంకా చిన్నది. లోపలి రబ్బరు ఓ-రింగ్ మార్చి, సిలికాన్ గ్రీజు రాసి, చేత్తో బిగిస్తే చాలు. పెట్రోలియం జెల్లీ రాయకండి, కొన్ని రకాల రబ్బరు దానికి ఉబ్బి పాడవుతుంది.

సెకనుకొక చుక్క పడితే రోజుకు పోయేది సుమారు 4 లీటర్లు. 10 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు ఉన్న పూల్‌లో మట్టం ఒక సెంటీమీటరు తగ్గితే పోయేది 500 లీటర్లు. కాబట్టి మట్టం కళ్లకు కనిపించేలా తగ్గుతుంటే నేరం ఈ జాయింటుది కాదు. ఒక బకెట్టులో నీళ్లు పోసి పూల్ మెట్టు మీద పెట్టి, బకెట్టు లోపలి మట్టం, పూల్ మట్టం రెండూ గుర్తు పెట్టి ఒక రోజు తర్వాత చూడండి. రెండూ ఒకేలా తగ్గితే అది ఎండకు ఆవిరైన నీరు.

ఇక అలర్టు. ఇలాంటి చాలా కంట్రోలర్ పెట్టెల్లో తడిని పసిగట్టే సెన్సర్ ఉండదు. పీడనం, మోటారు లాగే కరెంటు మారితే లీకు అని ఊహిస్తాయి. పంపులోకి గాలి చేరితే మోటారు మీద భారం తగ్గి కరెంటు పడిపోతుంది. అంటే మీ ఫోను రాత్రంతా చెబుతున్నది నిజమే కావచ్చు. జాయింటు బాగుచేసి, రెండు రాత్రులు చూసి, అప్పటికీ మోగితే అలర్టు మోగే హద్దును సెట్టింగ్‌లో మార్చండి. ఏం మారిందో ఒక్క వాక్యం కూడా రాయకుండా అప్‌డేట్ పంపేవాళ్ల మీద నాకు చాలా కోపం. లీకు హెచ్చరికకూ సర్వీసు ప్యాకేజీ ప్రకటనకూ ఒకే గంట మోగిస్తే మనుషులు రెండింటినీ ఆపేస్తారు. ఆ తప్పు వాడేవాళ్లది కాదు.

మీ ఉత్తరంలో నన్ను భయపెట్టింది మాత్రం చుక్కలు కాదు, ఆ కంట్రోలర్. ప్లంబర్ స్ట్రెయినర్ మూత తీసి చెయ్యి లోపల పెట్టినప్పుడు పంపును ఎవరు ఆపారు? యాప్‌లో ఆఫ్ నొక్కితే పంపు ఆగినట్టు కాదు. టైమర్ దాన్ని మళ్లీ వేయగలదు, ఇంకొకరి ఫోనూ వేయగలదు. పంపుకు కరెంటు కోసే ఎంసీబీ స్విచ్ దించి, దానికి తాళమో టేపో వేసి, అప్పుడు పైపు ముట్టుకోవాలి. నేల తడిసి ఉంటుంది కాబట్టి కరెంటు లీకైతే వెంటనే సరఫరా కోసేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో, దాని టెస్ట్ బటన్ నొక్కితే పడుతోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి.

తర్వాత అడగాల్సింది, ఆ పంపు లాగిన్ ఎంతమంది దగ్గర ఉంది? బిగించిన కాంట్రాక్టర్ తన ఈమెయిల్‌తోనే ఖాతా తెరుస్తాడు. కాంట్రాక్టు ముగుస్తుంది, ఖాతా ఉంటుంది. పాత కార్యవర్గం ఫోన్లలో యాప్ ఉంటుంది. పాస్‌వర్డు పెట్టె తలుపు లోపల అంటించి ఉంటుంది, దాని ఫొటో సంఘం వాట్సాప్ గ్రూపులో ఉంటుంది. ఇంటి నుంచే చూసుకోవడానికి కాంట్రాక్టర్ రౌటర్‌లో ఒక పోర్టు తెరిచి వెళ్తాడు. ఆ తలుపు లోకమంతటికీ తెరిచి ఉందని ఎవరికీ చెప్పడు.

పంపును హ్యాక్ చేసి ఎవరికేం లాభమని కొందరు నవ్వుతారు. 2023 నవంబరులో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో అలిక్విప్పా పట్టణ నీటి సంస్థకు చెందిన ఒక బూస్టర్ పంపింగ్ కేంద్రం కంట్రోలర్‌లోకి చొరబడ్డారు. సిబ్బంది దాన్ని ఆపి చేతితో నడుపుకోవాల్సి వచ్చింది. అదే రకం కంట్రోలర్లకు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాస్‌వర్డు నాలుగు ఒకట్లు. పంపులో తప్పు లేదు, దాన్ని ఇంటర్నెట్‌కు అలాగే తగిలించి వదిలేయడంలో ఉంది తప్పు.

పూల్ పంపు విషయంలో పణం ఇంకా పెద్దది. అడుగున నీరు లాగే జాలీ విరిగితే ఆ లాగుడు మనిషిని పట్టేస్తుంది. 2002లో అమెరికా మాజీ విదేశాంగ మంత్రి జేమ్స్ బేకర్ మనవరాలు, ఏడేళ్ల పాప, స్పా డ్రెయిన్ లాగుడులో చిక్కుకుని చనిపోయింది. 2007లో అక్కడ ఆమె పేరుతోనే డ్రెయిన్ జాలీల భద్రతకు చట్టం చేశారు. పిల్లలు ఈదుతుండగా పంపు వేగాన్ని ఊళ్లో లేని మనిషి ఫోనులోంచి పెంచగల ఏర్పాటును నేను సౌకర్యం అనలేను. పూల్ గట్టు మీద, పిల్లలకైనా అందేలా, యాప్‌తో పని లేకుండా పంపుకు కరెంటు కోసేసే అత్యవసర స్విచ్ ఉండాలి. విరిగిన జాలీ మార్చేదాకా పూల్ మూసేయండి.

కార్యవర్గం పేరిట కొత్త ఈమెయిల్, కొత్త పాస్‌వర్డు, రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డుతో పాటు ఇంకో కోడ్ అడగడం) పెట్టి, పాత ఖాతాలన్నీ తీసేయించండి. రౌటర్‌లో తెరిచిన పోర్టు మూయించి, కంట్రోలర్‌ను కార్యాలయం కంప్యూటర్లున్న వైఫైలో కాకుండా విడి నెట్‌వర్క్‌లో ఉంచండి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, ఇంట్లో వాడే ఇంటర్నెట్ పరికరాలను అన్నిటికీ ఒకే తేలికైన పాస్‌వర్డుతో అమ్మడం చట్టవిరుద్ధం. దుకాణంలో ధర అడిగే ముందు పాస్‌వర్డు సంగతి అడగండి. ఎన్నేళ్లు భద్రతా అప్‌డేట్లు ఇస్తారో కాగితం మీద రాసివ్వమనండి. రాసివ్వకపోతే మామూలు టైమర్ స్విచ్ కొనుక్కోండి. రోజూ ఒకే వేళకు నడిచే పంపుకు అంతకు మించి తెలివి అక్కర్లేదు.

ప్రశ్న: విజయవాడలో మా ఇంటి మీది ట్యాంకు పొంగిపోతోంది. ఫోనుతో నడిచే మోటారు కంట్రోలర్ కొనమంటున్నారు. కొనవచ్చా?

జవాబు: ముందు ఫ్లోట్ స్విచ్, అంటే నీటి మీద తేలుతూ మట్టాన్ని బట్టి మోటారును ఆపే స్విచ్, పెట్టించండి. వైఫై పోయినా, మీరు ఊళ్లో లేకపోయినా ట్యాంకు నిండగానే మోటారు ఆగుతుంది. సంపులో కూడా ఒకటి పెట్టిస్తే మోటారు నీళ్లు లేకుండా తిరగదు. ఆ తర్వాత కూడా ఫోనులో చూసుకోవాలనిపిస్తే, మట్టం చూపించడం వరకే చేసే పరికరం తీసుకోండి. మోటారు వేసే అధికారం దానికి ఇవ్వకండి.