ఇన్‌స్టాలర్‌కి డిస్క్ కనబడట్లేదా?

ప్రశ్న: కొత్త ల్యాప్‌టాప్‌లో విండోస్ పక్కనే లినక్స్ వేద్దామని పెన్‌డ్రైవ్‌తో బూట్ చేశాను. ఇన్‌స్టాలర్ ఆ పెన్‌డ్రైవ్‌ని మాత్రమే చూపిస్తోంది, లోపలి ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ జాడే లేదు. ఇది బగ్గేనా? ఎలా రిపోర్ట్ చేయాలి?

జవాబు: కంగారు పడకండి. డిస్క్ ఎక్కడికీ పోలేదు, చాలావరకు ఇది బగ్ కూడా కాదు. పెన్‌డ్రైవ్‌తో బూటైన లినక్స్‌లోనే టెర్మినల్ తెరిచి, డిస్క్‌ల జాబితా చూపే 'ఎల్‌ఎస్‌బీఎల్‌కే' కొట్టండి. 'ఎన్‌వీఎంఈ0ఎన్‌1' (మీ ఎస్‌ఎస్‌డీ పేరు) అనే వరుస లేకపోతే, లోపలి హార్డ్‌వేర్ జాబితా ఇచ్చే 'ఎల్‌ఎస్‌పీసీఐ' చూడండి. అందులో ఇంటెల్ రెయిడ్ కంట్రోలర్ ఉంటే దొంగ దొరికినట్టే: బయోస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ అవగానే వచ్చే సెట్టింగ్స్‌లో) స్టోరేజ్ మోడ్ ఆర్‌ఎస్‌టీలో, అంటే ఇంటెల్ సొంత రెయిడ్ పద్ధతిలో ఉంది, ఎస్‌ఎస్‌డీ దాని చాటున దాక్కుంది. ఆ మోడ్‌ని ఏహెచ్‌సీఐ అనే మామూలు పద్ధతికి మార్చాలి.

అయితే నేరుగా మార్చేస్తే విండోస్ నీలి తెర దగ్గరే ఆగిపోవచ్చు. ముందు బిట్‌లాకర్ (విండోస్ డిస్క్‌కి వేసే తాళం) రికవరీ కీ రాసిపెట్టుకోండి. విండోస్‌లో 'ఎంఎస్‌కాన్ఫిగ్' తెరిచి సేఫ్ బూట్ టిక్ పెట్టి, రీస్టార్ట్‌లో బయోస్‌లోకి వెళ్లి మోడ్ మార్చండి. సేఫ్ మోడ్ ఒకసారి వచ్చాక టిక్ తీసేయండి. సేఫ్ మోడ్‌లో లాగిన్ పిన్ పనిచేయకపోవచ్చు, అసలు పాస్‌వర్డ్ తెలిసి ఉండాలి.

ఏహెచ్‌సీఐలోనూ కనబడకపోతే అప్పుడు రిపోర్ట్ పెట్టండి. లైవ్ సెషన్ (పెన్‌డ్రైవ్ నుంచి నడిచే లినక్స్) లాగ్‌లు ర్యామ్‌లోనే ఉంటాయి, రీస్టార్ట్ కొడితే మాయం. అందుకే ఈ బూట్ లాగ్ మొత్తం చూపే 'జర్నల్‌సీటీఎల్ -బీ' ఔట్‌పుట్‌ని ముందే ఇంకో పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోండి. కెర్నల్, బయోస్ వెర్షన్లు, ల్యాప్‌టాప్ మోడల్ కూడా రాయండి. ఖాళీ జాబితా ఫొటో ఒక్కటి పెట్టి 'పనిచేయట్లేదు' అంటే డెవలపర్ మాత్రం ఏం చేస్తాడు?