ప్రైవేట్ జెట్ ఎవరో కొన్నారట, ఎవరో అమ్మేస్తున్నారట: ఈ వార్తల్ని ఎంతవరకు నమ్మొచ్చు?

ఫలానా ఆయన పెద్ద ప్రైవేట్ జెట్ కొన్నాడని, ఫలానా ఆయన అప్పుల్లో పడి అమ్మేస్తున్నాడని వచ్చే వార్తల్లో నిజమెంత, చెప్పే రేట్లు నిజమేనా అని అడిగారు. దుబాయ్‌లో కొన్నేళ్లు విమానాల రికార్డులు చూసే పని చేశాను. లాగ్‌బుక్కులు, రిపేరు కాగితాలు, పార్టుల సర్టిఫికెట్లు తిరగేయడమే ఉద్యోగం. అక్కడ నా కళ్లముందు జరిగిందే చెబుతాను.

ఒకసారి మా క్లయింటు ఒకాయన బోయింగ్ బిజినెస్ జెట్ కొంటానన్నాడు. ప్రయాణికుల 737నే లోపల సోఫాలు, పడకగది, షవర్ పెట్టి అలా అమ్ముతారు. బ్రోకర్ పంపిన పీడీఎఫ్‌లో లోపలి ఫోటోలు, ధర, పైన 'ఓనరు అర్జెంటుగా అమ్ముతున్నారు' అని ఒక ముక్క. వారం తిరక్కుండా అదే పీడీఎఫ్ ఇంకో ఇద్దరు బ్రోకర్ల దగ్గర్నుంచి వచ్చింది. ఫోటోలు అవే, కింద పేరు, ధర మాత్రం వేరు. ఎవరి కమిషన్ వాళ్లు కలుపుకున్నారన్నమాట. పట్టాదారుకు తెలియకుండానే పదిమంది మధ్యవర్తులు కార్లేసుకుని వచ్చి ప్లాటు చూపించడం హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకు కొత్తేం కాదు కదా, అదే బాపతు.

తమాషా ఏంటంటే, ఆ విమానమే ఆ నెలలో చెకింగ్ కోసం మా హ్యాంగర్‌కు వచ్చింది. రికార్డుల పెట్టెలు దింపుకుందామని లోపలికి వెళ్తే, క్యాబిన్ క్రూలో పనిచేసే మలయాళీ అమ్మాయి స్పూన్లు లెక్కపెట్టి డబ్బాలో సర్దుతోంది. నన్ను చూడగానే, "సార్, దీన్ని అమ్మేస్తున్నారట కదా, మా ఉద్యోగాలు ఉంటాయా?" అంది. వాళ్ల కెప్టెన్‌కు కూడా వాట్సాప్‌లోనే తెలిసిందట. మర్నాడు ఓనర్ తరఫు మేనేజర్ వస్తే అడిగాను. ఆయనకసలు అమ్మకం ఊసే తెలియదు. ఆ పీడీఎఫ్ చూపిస్తే ముఖం ఎర్రబడింది. ఈలోపు మా క్లయింటు విమానం చూపించే ఖర్చులకని మొదటి బ్రోకర్ చేతిలో కొంత డబ్బు పెట్టేశాడు. అది మళ్లీ కనిపించలేదు.

నిజమైన బేరం ఇంత తేలిగ్గా అవదు. ముందు కొంటామని లెటర్ ఇస్తారు. అడ్వాన్స్ నేరుగా అమ్మేవాడికి కాకుండా మధ్యలో ఎస్క్రో ఏజెంట్ దగ్గర, అంటే బేరం తేలేదాకా ఇద్దరి తరఫున డబ్బు పట్టుకుని ఉండే మూడో మనిషి దగ్గర ఉంటుంది. తర్వాత విమానాన్ని విప్పి చూస్తారు, ఇంజిన్ లోపలికి కెమెరా పెడతారు, పుట్టినప్పటి నుంచి రికార్డులు వెతుకుతారు. పార్టు బాగానే ఉన్నా దాని కాగితం లేకపోతే ధర పడిపోతుంది. చివరికి రిజిస్ట్రేషన్ మారాలి. పుకారు మొదటి మెట్టు మీదే పుడుతుంది. మధ్యలో చెడిపోయిన బేరం గురించి మాత్రం ఎవరూ రాయరు.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ సౌదీ యువరాజు అల్వలీద్ బిన్ తలాల్‌ది. 2007లో ఆయన కోసం ఎయిర్‌బస్ ఏ380 ఆర్డరు ప్రకటించారు, 'ఎగిరే ప్యాలెస్' అని ప్రపంచమంతా రాసింది. ఆ విమానం ఆయన చేతికి రానే లేదు. ఏ380ల తయారీయే 2021లో ఆగిపోయింది. అయినా 'అత్యంత ఖరీదైన ప్రైవేట్ జెట్‌లు' అంటూ వచ్చే వీడియోల్లో ఇప్పటికీ అదే నంబర్ వన్!

ఇక రేట్లంటారా, విజయ్ మాల్యా ఏ319 సంగతి చూడండి. సర్వీస్ ట్యాక్స్ బకాయిల కింద జప్తు చేసిన ఆ విమానానికి 2016 వేలంలో కనీస ధర 152 కోట్లు పెట్టారు. వచ్చిన పాట 1.09 కోట్లు, దాన్ని తిరస్కరించారు. 2018లో చివరికి 34.8 కోట్లకు అమెరికా కంపెనీ ఒకటి పాడుకుంది. ఎగరకుండా ఏళ్ల తరబడి నిలబెట్టిన విమానం ఎంత ఖర్చు మీదేసుకుంటుందో రికార్డులు చూసేవాళ్లకు తెలుసు. పైగా ఒకరి అభిరుచికి చేయించిన ఇంటీరియర్‌కు తర్వాత వచ్చేవాడు పెద్దగా డబ్బివ్వడు, పీకేసి మళ్లీ చేయించుకుంటాడు. కాబట్టి కొత్తదానికి కంపెనీ చెప్పే ధర పట్టుకుని 'ఆస్తి ఇన్ని వేల కోట్లు' అని రాసేవాళ్లను నేను పట్టించుకోను.

మీరే చూసుకోవాలంటే తోక దగ్గర రాసుండే రిజిస్ట్రేషన్ చూడండి. వీటీతో మొదలైతే మన దేశానిది. ఎన్‌తో మొదలైతే అమెరికాది, అక్కడి విమానయాన శాఖ సైట్‌లో ఆ నంబరు కొడితే ఎవరి పేరున ఉందో చాలావరకు ఉచితంగానే తెలుస్తుంది. కాకపోతే చాలాసార్లు అక్కడ కనిపించేది ఒక ట్రస్టు పేరే. అసలు మనిషి దాని వెనకుంటాడు.

మొన్న మా బావమరిది 'మన హీరో సొంత విమానం' అని ఫోటో పంపాడు. నంబర్ జూమ్ చేసి వెతికితే, గంటల లెక్కన ఎవరికైనా అద్దెకిచ్చే చార్టర్ కంపెనీది. చెప్తే నమ్మలేదు, కుళ్లుకుంటున్నానన్నాడు.