అండాశయపు కణితిని చదివే ముందు

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

పాథాలజీలో చేరిన నెలలోనే అండాశయపు కణితులు నీ చేతికి వస్తున్నాయని, స్లైడు చూసినా నిర్ణయం తోచడం లేదని రాశావు. స్లైడు కంటే ముందు, కణితితో పాటు వార్డు నుంచి వచ్చే రిక్విజిషన్ ఫారం చదువు. అందులో వయసు తప్ప ఏమీ లేకపోతే వార్డుకు ఫోన్ చేసి అడుగు. ముట్లుడిగిన చాలా ఏళ్లకు మళ్లీ రక్తస్రావం మొదలైందనీ, గర్భాశయపు లోపొర మందంగా ఉందనీ తెలిస్తే, పసుపు రంగులో, నెత్తురు నిండిన తిత్తులతో ఉన్న కణితిలో ఈస్ట్రోజెన్‌ను స్రవించే గ్రాన్యులోసా సెల్ ట్యూమర్‌ను నీ కళ్లు వాటంతటవే వెతుకుతాయి. కాఫీ గింజలా గాడిపడిన కేంద్రకాలు, కణాలు చిన్న వలయాలుగా చేరిన కాల్-ఎక్స్‌నర్ బాడీలు అప్పుడు నీ చూపును దాటిపోవు. చిన్న వయసు పిల్లల్లో అయితే అండాలుగా మారే కణాల నుంచి పుట్టే జెర్మ్ సెల్ ట్యూమర్లను ముందు తలచుకో.

రక్తపరీక్షలో కొలిచే సీఏ-125 అనే కణితి సూచిక పెరిగినంత మాత్రాన క్యాన్సర్ అని తీర్మానించకు. మన దగ్గర తరచుగా కనిపించే కడుపు క్షయలో కూడా అది పెరుగుతుంది, పొట్టలో నీరు చేరుతుంది, పొట్ట లోపలి పొర అయిన పెరిటోనియం మీద బొడిపెలు లేస్తాయి. బయాప్సీలో క్షయను సూచించే కణాల ముద్దలు, అంటే గ్రాన్యులోమాలు కనిపించేదాకా ఆ ఇల్లంతా క్యాన్సర్ భయంతోనే గడుపుతుంది.

అన్నిటికంటే జాగ్రత్త, జిగురు పదార్థాన్ని స్రవించే మ్యూసినస్ కణితుల దగ్గర కావాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, రెండు వైపులా ఉన్న చిన్న కణితులను అండాశయంలోనే పుట్టినవని నేను రిపోర్టు ఇచ్చాను. కొన్ని నెలలకు ఎండోస్కోపీలో అసలు క్యాన్సర్ జీర్ణాశయంలో బయటపడింది. ఆకలి పోయిందనీ, బరువు తగ్గిందనీ ఫారం మీద రాసే ఉంది, నేను చదవలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు. 1896లో ఇలాంటి కణితులను వర్ణించిన జర్మన్ వైద్యుడు క్రూకెన్‌బర్గ్ కూడా అవి అండాశయంలోనే పుట్టాయని అనుకున్నాడు. రెండు వైపులా ఉన్నా, 10 సెంటీమీటర్ల లోపు ఉన్నా, ఉపరితలం మీద గడ్డలుగా ఉన్నా, కేంద్రకం ఒక అంచుకు జరిగి ఉంగరంలా కనిపించే సిగ్నెట్ రింగ్ కణాలు కనిపించినా, జీర్ణాశయం, పెద్దపేగు, అపెండిక్స్ చూశారా అని సర్జన్‌ను తప్పక అడుగు.

కణితిని కోయడానికి ముందే దాని కవచం చిట్లిందో లేదో చూసి రాసుకో. స్టేజి దాని మీద ఆధారపడుతుంది. ఫాలోపియన్ నాళపు కుచ్చు చివరను పూర్తిగా ప్రాసెసింగ్‌కు పెట్టు, ఎందుకంటే వేగంగా ముదిరే హై గ్రేడ్ సీరస్ రకం క్యాన్సర్లు చాలావరకు అక్కడే మొదలవుతాయి. కణితి నుంచి సెంటీమీటరుకు ఒక్క సెక్షనైనా (పరీక్షకు కోసే ముక్క) తీసుకో. పెద్ద మ్యూసినస్ కణితికి రెండేసి తీసుకో. ఆపరేషన్ జరుగుతుండగానే గడ్డకట్టించి చూసే ఫ్రోజెన్ సెక్షన్‌లో ఒకటి రెండు ముక్కలే చూసి, అనుమానం తీరకపోతే, "కనీసం బోర్డర్‌లైన్ (మామూలు కణితికీ క్యాన్సర్‌కూ నడిమిది), మిగతాది తర్వాత చేసే పర్మనెంట్ సెక్షన్లలో చెబుతాను" అని సర్జన్‌కు స్పష్టంగా చెప్పు.

ఇట్లు,
మామయ్య