తాతగారి యుద్ధకాలపు డైరీ: హక్కు ఎవరిది? విదేశానికి అమ్మవచ్చా?

ప్రశ్న: మా అమ్మ నాన్నగారు రెండో ప్రపంచ యుద్ధంలో రాయల్ ఇండియన్ నేవీలో సబ్ లెఫ్టినెంట్. 1944-45లో సిలోన్‌లోని ట్రింకోమలీలో ఉండగా డైరీ రాశారు. 1998లో పోయారు. అమ్మమ్మ అంతకు ముందే పోయింది. డైరీ మా అమ్మ దగ్గరుంది. 'నా పుస్తకాలు, కాగితాలు అమ్మాయికి' అని తాతగారు సంతకం చేసిన చీటీ కూడా ఉంది. పుస్తకంగా వేస్తామంటే మామయ్య ఒప్పుకోవడం లేదు. అరవై ఏళ్లు దాటింది కాబట్టి దాని మీద ఎవరికీ హక్కు లేదని ఒక ప్రచురణకర్త అంటున్నారు. విదేశంలో ఉన్న ఒకాయన అసలు డైరీనే కొంటానంటున్నారు. ఓడల కదలికలు, తోటి అధికారి గురించి ఘాటైన మాటలు అందులో ఉన్నాయి. మాకు చిక్కులొస్తాయా?

జవాబు: ముందు ఆ డైరీ కొరియర్ ఎక్కకుండా చూడండి. మిగతావన్నీ నిదానంగా తేల్చుకోవచ్చు. ఇదొక్కటి జరిగిపోతే వెనక్కి తీసుకోలేరు.

1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం అనగానే అందరికీ విగ్రహాలే గుర్తొస్తాయి. కానీ చారిత్రక విలువ ఉండి, 75 ఏళ్లు నిండిన రాతప్రతి, రికార్డు, పత్రం కూడా ఆ చట్టం కింద పురావస్తువే. 1944లో రాసిన పేజీలకు 2019లోనే ఆ వయసు వచ్చేసింది. 1942 ఏప్రిల్ 9న జపాన్ విమానాలు బాంబులు వేసిన రేవు ట్రింకోమలీ. 1944లో బ్రిటిష్ తూర్పు నౌకాదళం మళ్లీ అక్కడికి చేరింది. ఆ రోజుల్లో అక్కడ ఉన్న భారతీయ అధికారి రాసుకున్న డైరీకి చారిత్రక విలువ లేదని వాదించడానికి నేనైతే సాహసించను. పురావస్తువును దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన సంస్థలకే ఉంది. కాదని పంపితే కనీసం ఆరు నెలలు, గరిష్ఠంగా మూడేళ్ల జైలు, జరిమానా. ఫలానా వస్తువు పురావస్తువా కాదా అన్న సందేహం వస్తే ఆర్కియలాజికల్ సర్వే డైరెక్టర్ జనరల్‌, లేదా ఆయన అధికారమిచ్చిన ఆ శాఖ పెద్ద అధికారి తేలుస్తారు. వారి మాటే చివరిది. విదేశంలో ఉన్నాయనకు స్కాన్ పంపడానికి ఈ చట్టం అడ్డు రాదు. అయితే ఆ స్కాన్‌ను అచ్చు వేసుకోవడానికి వీల్లేదని రాతపూర్వకంగా ఒప్పించుకున్నాకే పంపండి.

ఇక హక్కు సంగతి. డైరీ అనే పుస్తకం ఒక ఆస్తి, అందులోని రాత మీది కాపీరైట్ ఇంకో ఆస్తి. మీ ఇంటి తగాదా అంతా ఈ రెండింటినీ కలిపేయడం వల్ల వచ్చినదే.

ఆ చీటీ మీద ఇద్దరు సాక్షుల సంతకాలు ఉన్నాయా? మీరు ఆ మాట రాయలేదు. ఉండి, అది వీలునామాగా నిలబడితే మీ అమ్మగారిది పైచేయి. అచ్చు కాని రాతప్రతి వీలునామా ద్వారా ఎవరికి దక్కితే, వేరే ఉద్దేశం కనబడనంతవరకు, దాని కాపీరైట్ కూడా వారికే దక్కినట్టని కాపీరైట్ చట్టం 20వ సెక్షన్ చెబుతుంది. సాక్షులు లేకపోతే అది వీలునామా కాదు. అప్పుడు కూడా తాతగారు బతికుండగానే డైరీని కూతురి చేతికి కానుకగా ఇచ్చారని చూపగలిగితే పుస్తకం వరకు ఆమెదే. కాపీరైట్ మాత్రం అలా చేతులు మారదు, దానికి రాతకోతలు కావాలి. అది హిందూ వారసత్వ చట్టం ప్రకారం పిల్లలందరికీ సమానంగా వస్తుంది. మీ తాతగారికి ఆ ఇద్దరే సంతానమైతే చెరి సగం. పెళ్లయిన కూతురికి రాదనే మాట మామయ్యగారు అంటే పట్టించుకోకండి. కానీ ఆ పరిస్థితిలో ఆయన సంతకం లేకుండా అచ్చు వేయకండి, సగం హక్కుదారు కోర్టుకెళ్లి పుస్తకం ఆపించగలరు.

ప్రచురణకర్త చెప్పింది తప్పు. కాపీరైట్ ఉండే అరవై ఏళ్లు లెక్కపెట్టేది రాసిన ఏడాది నుంచి కాదు. రచయిత పోయేనాటికి అచ్చు కాని రచనకు, అది మొదటిసారి అచ్చయిన ఏడాది తర్వాతి జనవరి నుంచి లెక్క మొదలవుతుంది. 2026లో పుస్తకం వస్తే 2086 చివరి దాకా హక్కు ఉంటుంది. ప్రభుత్వ ఉద్యోగి రాశాడు కాబట్టి ప్రభుత్వానిదే అనే వాదన కూడా నిలవదు. డ్యూటీలో భాగంగా నింపిన ఓడ లాగ్‌బుక్ సర్కారుది, డ్యూటీ దిగాక ఓడలోని తన పడక మీద కూర్చుని రాసుకున్న డైరీ ఆయన సొంతం.

యుద్ధంలో సొంత డైరీలు రాయవద్దని బ్రిటిష్ నౌకాదళంలో ఆజ్ఞలుండేవి. తాతగారు వాటిని మీరినా దానికి ఇప్పుడు మిమ్మల్ని అడిగేవారు లేరు. అధికార రహస్యాల చట్టం 1923 నాటిది, ఇన్నేళ్లు దాటితే వర్తించదని అందులో గడువేమీ లేదు. అలాగని భయపడనక్కర్లేదు. ప్రభుత్వ అనుమతితో ఫిర్యాదు వస్తే తప్ప కోర్టు కేసు తీసుకోదు. 1944లో ఏ ఓడను రేవులో ఎక్కడ కట్టి ఉంచారో ఈనాటి శత్రువుకు ఎందుకూ పనికిరాదు. నేను చూడమనేది పేజీల మధ్య అతికించిన కాగితాలను. టైపు చేసిన సిగ్నళ్లు (నౌకాదళ సందేశాలు), 'సీక్రెట్' ముద్ర ఉన్న సముద్ర పటాల ముక్కలు ఏవైనా ఉంటే అవి డైరీ కాదు, ప్రభుత్వ కాగితాలు. వాటిని చింపకండి, అచ్చులో మాత్రం వేయకండి. ఒక జాబితా రాసి, ఏం చేయాలో రక్షణ శాఖను ఉత్తరం ద్వారా అడగండి. తోటివారు రాసిన ఉత్తరాలు దొరికితే అదీ చూసుకోవాలి. ఆ కాగితం అందుకున్న తాతగారిది, అందులోని రాత మీద హక్కు రాసినవారి వారసులది.

ఘాటైన మాటల దగ్గర కాస్త ఆగండి. పోయినవారికి పరువు నష్టం ఉండదని చాలామంది అనుకుంటారు. బతికుంటే పరువు పోయే మాటను, వారి కుటుంబాన్ని నొప్పించాలనే ఉద్దేశంతో వేస్తే అది నేరమే. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్‌లో ఆ వివరణ ఉంది. తాతగారికి నచ్చని అధికారి తాగి కాపలా డ్యూటీకి వచ్చాడు లాంటి వాక్యం వల్ల పుస్తకానికి వచ్చే లాభం ఎంత? పేరు తీసి ఒక అక్షరం పెట్టండి, తీశామని ముందుమాటలో చెప్పండి.

మామయ్యగారు దారికొస్తే ప్రచురణకర్తతో ఒప్పందాన్ని ఇద్దరి సంతకాలతో రాయించుకోండి. హక్కుల బదిలీ పత్రంలో కాలం రాయకపోతే చట్టం అయిదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని అనుకుంటుంది. ఈ-పుస్తకం, ఆడియో, అనువాదం అన్నీ విడివిడిగా పేర్కొనండి. 'సర్వ హక్కులూ' అనే ఒక్క ముక్క కనబడితే సంతకం పెట్టకుండా పత్రం నాకో, మీ ఊళ్లో న్యాయవాదికో చూపించండి.