మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) పాత ఫారమ్ కొత్త ఫైల్‌లోకి తెస్తే '#నేమ్?' వస్తోందా?
అన్నా, వరంగల్ ఏనుమాముల మార్కెట్ షాపులో వాడే మిర్చి తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) ఫారమ్‌ను కొత్త ఫైల్‌లో పేస్ట్ చేస్తే గడుల్లో అంకెలకు బదులు '#నేమ్?' వస్తోందన్నారు కదా, టెన్షన్ పడకండి, ఫారమ్ చెడిపోలేదు. ఫారమ్ అంటే వట్టి తెరే, సరుకంతా టేబుల్‌లో ఉంటుంది. మీరు కొత్త టేబుల్ చేత్తో చేసుకున్నానన్నారు, అక్కడే వచ్చింది చిక్కు: పాతదాంట్లో 'బస్తాలు' అని ఉన్న ఫీల్డ్‌కు (టేబుల్‌లోని నిలువు వరుసకు) కొత్తదాంట్లో 'బస్తాల సంఖ్య' అని పెడితే ఫారమ్ దాన్ని గుర్తుపట్టదు.

ముందు రెండు ఫైళ్లకూ బ్యాకప్ తీసుకోండి. చేత్తో చేసిన టేబుల్ తీసేయండి, లేకపోతే అదే పేరుతో వచ్చేదానికి చివర 1 తగులుతుంది. కొత్త ఫైల్‌లో ఎక్స్‌టర్నల్ డేటాకు వెళ్లి పాత ఫైల్‌ను చూపించి ఇంపోర్ట్ పెట్టండి, టేబుళ్లు, క్వెరీలు, ఫారమ్‌లు అన్నీ ఒకేసారి ఎంచుకోండి, సబ్‌ఫారమ్‌ను (ఫారమ్ లోపల కనిపించే చిన్న ఫారమ్) మాత్రం మర్చిపోవద్దు, అది విడిగా ఉంటుంది. ఆప్షన్స్‌లో 'డెఫినిషన్ ఓన్లీ' పెడితే టేబుళ్ల చట్రం మాత్రమే వస్తుంది, పోయిన ఏడాది ఎంట్రీలు రావు. రైతుల పేర్ల టేబుల్‌ను మాత్రం అప్పుడు టిక్ చేయకుండా వదిలేసి, ఇంకోసారి విడిగా, డేటాతో సహా తెచ్చుకోండి. ఫారమ్ వెనక రాసిన కోడ్ దానితోనే వస్తుంది కానీ మాడ్యూళ్లు (విడిగా రాసి పెట్టిన కోడ్) రావు, వాటినీ టిక్ చేయాలి.

ఇంకా ఏ గడిలోనైనా '#నేమ్?' కనిపిస్తే డిజైన్ వ్యూలో దాని కంట్రోల్ సోర్స్ (ఆ గడి ఏ ఫీల్డ్ నుంచి తీసుకుంటుందో ఆ పేరు) చూసి ఇక్కడ రాయండి, చూస్తాను.