కోవిడ్ తగ్గినా ఓపిక రావడం లేదు

ప్రశ్న: నా వయసు 43. తెనాలి దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్నాను. 2021 మే నెలలో కోవిడ్ వస్తే ఇంట్లోనే ఉండి మందులు, వారం రోజులు స్టెరాయిడ్ మాత్రలు వాడాను. ఏడాది దాటినా మునుపటి ఓపిక రాలేదు. ఆదివారం ఇల్లు దులిపి, దుప్పట్లు ఉతుక్కుంటే ఆ పూటకు బాగానే ఉంటుంది గానీ, సోమవారం సాయంత్రానికి మంచం దిగలేను. నిలబడి పాఠం చెబుతుంటే గుండె దడదడలాడుతుంది. పిల్లల పేర్లు నోటిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. రిపోర్టులన్నీ నార్మల్ అని, రోజూ గంటసేపు నడవమని చెప్పి పంపించారు. నడిస్తే ఇంకా నీరసించిపోతున్నాను. ఇంట్లోవాళ్లు బద్ధకం అనుకుంటున్నారు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ఇది బద్ధకం కాదు. ఈ జవాబును మీ ఇంట్లోవాళ్ల చేత కూడా చదివించండి. కోవిడ్ మొదలైన మూడు నెలల నాటికి కూడా ఉండి, కనీసం రెండు నెలలు సాగే, మరో కారణం దొరకని ఇబ్బందులను కోవిడ్ అనంతర సమస్యగా ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 అక్టోబరులోనే నిర్వచించింది. దీన్ని పట్టి ఇచ్చే రక్తపరీక్ష అంటూ ఒకటి లేదు కనుక, రిపోర్టులు బాగున్నంత మాత్రాన మీకు జబ్బు లేదనడం సరికాదు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది ఆ సోమవారం సాయంత్రం. శ్రమ చేసిన పూట కాకుండా, ఒకటి రెండు రోజుల తర్వాత ఒళ్లు కూలబడిపోవడం ఈ సమస్యకు పెద్ద గుర్తు. ఇలాంటి వారు పట్టుదలగా నడక పెంచుకుంటూ పోతే మేలుకన్నా కీడే ఎక్కువ; కాబట్టి ఆ గంట నడకను ఇప్పటికి ఆపండి. ఆదివారం పనిని మూడు నాలుగు రోజులకు పంచుకోండి, కూరలు కూర్చుని తరగండి, అలసట వచ్చాక కాకుండా రాకముందే పదిహేను నిమిషాలు నడుము వాల్చండి. ఏ రోజు ఏ పని చేశారో, మర్నాడు ఎలా ఉందో ఒక నోటుబుక్కులో రాసుకుంటే మీ హద్దు ఎక్కడుందో రెండు మూడు వారాల్లో మీకే తెలుస్తుంది.

గుండెదడ సంగతి ఇంట్లోనే కొంత చూసుకోవచ్చు. అప్పట్లో కొన్న పల్స్ ఆక్సీమీటరు ఉంటే బయటికి తీయండి. అది ఆక్సిజన్‌తోపాటు నాడి వేగాన్నీ చూపిస్తుంది. పది నిమిషాలు పడుకుని నాడి చూసుకుని, తర్వాత ఎవరినైనా పక్కన ఉంచుకుని, కదలకుండా పది నిమిషాలు నిలబడి నిమిషానికోసారి రాసుకోండి. పడుకున్నప్పటికన్నా 30 లేదా అంతకుమించి పెరిగి అలాగే నిలిచి ఉంటే ఆ కాగితాన్ని ఫిజీషియన్‌కు చూపించండి. దానికి చికిత్స ఉంది. ఉప్పు, నీళ్లు పెంచమనడం అందులో భాగమే అయినా, బీపీ చూడకుండా మీ అంతట మీరు ఉప్పు పెంచవద్దు.

హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12 పరీక్షలు మీరు పంపిన రిపోర్టుల్లో లేవు. ఈ మూడూ నీరసానికి మామూలు కారణాలే కనుక తప్పకుండా చేయించుకోండి. స్టెరాయిడ్లు వాడారు కాబట్టి మూడు నెలల సగటు షుగర్ కూడా చూడాలి. తొడ మొదట్లోనో గజ్జల్లోనో నొప్పి ఉంటే ఎముకల డాక్టరుకు చెప్పండి. స్టెరాయిడ్ల వల్ల తుంటి కీలుకు రక్తప్రసరణ తగ్గిన వారు ఉన్నారు. బలానికంటూ అమ్మే టానిక్కులకు డబ్బు పోయకండి.

పేర్లు మరిచిపోవడం చాలామందిలో విశ్రాంతితో క్రమంగా తగ్గుతుంది. ప్రధానోపాధ్యాయులతో మాట్లాడి, కుర్చీలో కూర్చుని పాఠం చెప్పే వీలు అడగండి. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, కూర్చుని ఉన్నా ఆయాసం, ఒక కాలు మాత్రమే వాచడం వంటివి కనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.